నాలుగో చెవి

అసూయ గురించి ఎవరూ తమ సంగతిగా రాసుకోరు. కోపం వచ్చిందని రాస్తారు, మోసపోయామని రాస్తారు, కుళ్ళు మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ళకే ఉంటుంది. నాకుంది. నాకంటే ఆరేళ్ళు చిన్నదైన, నన్ను నోరారా అక్కా అని పిలిచే పిల్ల మీద ఉంది. దానివల్ల నేనొక పని చేశాను. ఆ పని చేయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ముందు మా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో మేం రాడార్‌తో నేలను బొమ్మ తీస్తాం. మామూలు కెమెరాకి వెలుతురు కావాలి, మబ్బు అడ్డం రాకూడదు. రాడార్‌కి ఆ పేచీ లేదు. విమానం పొట్ట కింద ఉన్న యాంటెన్నా నేల మీదికి రేడియో తరంగాన్ని పంపుతుంది, అది నేలకు తగిలి తిరిగి వస్తే పట్టుకుంటుంది. విమానం పోతూ పోతూ దారి పొడవునా పట్టుకున్న ఆ ప్రతిధ్వనులన్నిటినీ కలిపి లెక్క కడితే, మూరెడు యాంటెన్నా ఫర్లాంగు పొడవున్న యాంటెన్నా చేసే పని చేస్తుంది. అయితే వినేది ఒక్కటే అయితే ఒక ఇబ్బంది. వెడల్పుగా చూస్తే వివరం పోతుంది, వివరంగా చూస్తే వెడల్పు తగ్గుతుంది. రెండూ కావాలంటే కేక వేసేది ఒకటైనా వినేవి ఎక్కువ ఉండాలి. మా దాంట్లో వినేవి నాలుగు, విమానం పొడవునా ఒకదాని వెనక ఒకటి. ల్యాబ్‌లో వాటిని చెవులు అనేవాళ్ళం.

ఆ నాలుగు చెవులూ నేను చేసినవి. చేసినవి అంటే గీసిచ్చి ఎవరితోనో చేయించినవి కావు. కేబుళ్ళు కొలిచి కోసింది నేను, అతుకులు పెట్టింది నేను, వేడిపెట్టెలో పెట్టి రోజంతా పక్కన స్టూలేసుకుని కూర్చున్నది నేను. ఏడేళ్ళు అదే పని. నాలుగూ ఒకేలా వినాలి. ఒకటి వెంట్రుకవాసి ఆలస్యంగా విన్నా బొమ్మలో దయ్యాలు లేస్తాయి. దయ్యాలంటే మా వాళ్ళ వాడుక మాట. ఒకచోట ఉన్న కరెంటు టవరు అక్కడితో ఆగకుండా, ఏమీ లేని ఇంకోచోట కూడా మసకగా కనిపిస్తుంది.

నా నాలుగో చెవికి వేడి పడేది కాదు. కొంతవరకు మిగతా మూడింటితో సమానంగా నడిచేది, ఒక దశలో ఉన్నట్టుండి వెనకబడేది, ఇంకాస్త వేడెక్కాక తనే సర్దుకునేది. ఎందుకో ఎంత వెతికినా దొరకలేదు. కారణం దొరక్కపోతే పోనీ అని, ఎంత వేడికి ఎంత వెనకబడుతుందో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఎర్ర అట్ట నోట్‌బుక్. దాన్ని తెరిచి చూడమని నేనెవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అలాంటి సమయంలో ఆమె వచ్చింది. కాటారం దగ్గరి పల్లె, వరంగల్‌లో చదువు. మాది జనగామ జిల్లా నర్మెట్ట దగ్గర. ఇద్దరం ఒక దిక్కువాళ్ళమే కదా అని మా పెద్దసారు ఆమెను నా పక్క సీటులో కూర్చోబెట్టాడు. కూర్చున్న పది నిమిషాలకే "అక్కా" అంది. నేనేమో పలకరింపుగా నవ్వి, నా టీ కప్పును కొంచెం ఇటు జరుపుకున్నాను.

నేను చేరిన మొదటి వారంలో భోజనాల దగ్గర "జర ఆగుండ్రి" అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన ఆ రెండు మాటల్నీ సినిమాలో హాస్యగాడు అన్నట్టు అని చూపించాడు. బల్ల చుట్టూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను మాట మార్చుకున్నాను. "అలాగేనండి", "చూస్తానండి" అనడం నేర్చుకున్నాను. ఇంటికి ఫోన్ చేయాలంటే వరండా చివరికి పోయేదాన్ని. ఈ పిల్ల మొదటి మీటింగులోనే పెద్దసారు చెప్పిన మాటకు అడ్డం పడి, "గట్లెట్లయితది సార్, నాలుగింటికి నాలుగు తీర్ల తేడాలుంటె ఒక్కటే దిద్దుబాటు ఎట్ల సరిపోతది?" అంది. అప్పుడూ అందరూ నవ్వారు. కాని అది వెక్కిరింత కాదు, ముచ్చట. నేను ఏడేళ్ళు మింగి దాచుకున్న భాషతో ఆమె ఒక్క పూటలో అందరి మనసూ కొట్టేసింది. నాకు మొదట మంట పుట్టింది అక్కడే.

పైగా ఆమె చెప్పింది నిజం. అది ఇంకా మంట.

ఆమెకు ఇచ్చిన పని నా చెవుల మధ్య తేడాలను కంప్యూటర్‌లో సరిచేయడం. చెవులు నావి, బొమ్మ ఆమెది. ఎవరైనా చూసేది బొమ్మనే. ల్యాబ్‌కి వచ్చిన పెద్దలంతా ఆమె తెర ముందు నిలబడి ఓహో అనేవాళ్ళు, నా బల్ల దగ్గర మాత్రం కేబుల్ చుట్టలు కాళ్ళకు తగలకుండా చూసుకుని దాటుకుని పోయేవాళ్ళు.

తేడాలు సరిచేయాలంటే నేల మీద మనకు తెలిసిన గుర్తు ఒకటి ఉండాలి. దానికోసం రేకులు నిలబెడతాం. గది మూలలో నేల, రెండు గోడలు కలిసే చోటు ఎలా ఉంటుందో అలా మూడు అల్యూమినియం రేకులను కలిపి బిగించిన వస్తువు అది, నడుమెత్తు ఉంటుంది. దాని నోట్లోకి వచ్చిన తరంగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బొమ్మలో అది చుక్కలా వెలుగుతుంది. ఆ ఒక్క చుక్కను నాలుగు చెవులూ ఎప్పుడెప్పుడు విన్నాయో చూస్తే ఏది ఎంత వెనకబడిందో తెలిసిపోతుంది. ఒక్కటే షరతు. నోరు విమానం పోయే దిక్కుకే తెరిచి ఉండాలి. పక్కకు తిప్పితే ఆ రేకు ఉన్నా లేనట్టే.

విమానం మాకు ఏడాదికి ఒక్క రోజు దొరుకుతుంది. ఆ ఏడు ఒకే ఉదయం మూడు చోట్ల ఎగరాలని పథకం. ముందు నర్మెట్ట వైపు మెట్టపొలాలు, తర్వాత మహబూబాబాద్ వైపు చెరువులు, చివర కాటారం వైపు వరిపొలాలు, అడవి అంచు. పొద్దెక్కేకొద్దీ చెవులు వేడెక్కుతాయి కాబట్టి ప్రతి చోటా ఒక రేకు. ఈ పరీక్ష బాగా జరిగితే తర్వాత దశ ఉపగ్రహం. ఆ దశకు ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. ఏడేళ్ళ నుంచి ఆ కుర్చీ నాదే అనుకుంటున్నాను. ఎవరూ అలా చెప్పలేదు, నేనే అనుకున్నాను.

బతుకమ్మ పండుగ అయిన వారానికి మేమిద్దరం రేకులు వేసుకుని బయల్దేరాం. మొదటిది మా పొలంలోనే. మా నాయిన మూడు బోర్లు వేసినా చుక్క పడక పడావు పెట్టిన చెలక అది. ఆమె దిగీ దిగగానే మా అమ్మ వెనకాల వంటింట్లోకి పోయింది. సర్వపిండి కాలుస్తుంటే గిన్నె అడుగు నుంచి పెచ్చు గీకి తిన్నది. నేను ఎప్పుడో మానేసిన పని. "ఎంత కలుపుగోలు పిల్లనే" అని మా అమ్మ నా చెవిలో చెప్పింది, నాకేదో శుభవార్త చెప్పినట్టు.

మా నాయిన రేకు చుట్టూ తిరిగి చూసి, ఇంతకీ దీంతో ఏం చేస్తారని అడిగాడు. నన్ను కాదు, ఆమెను.

"బాపూ, గుట్ట ముంగట నిలవడి కేకేస్తె మల్ల ఇనవడ్తది గదా? గదే. మేం పైనకెల్లి పోవుకుంట కేకేస్తం, మల్లొచ్చిన కేకను నాలుగు చెవులతోని ఇంటం. గాడ రాయున్నదా, నీళ్ళున్నయా, వరున్నదా గా కేకనే చెప్తది. గా చెవులు మీ బిడ్డనే చేసింది" అంది.

మా నాయిన నావైపు తిరిగాడు. "గింతేనా? గిన్నేండ్ల సంది అడుగుతున్న, ఒక్కనాడన్న గిట్ల చెప్పినవా బిడ్డా? అడిగినప్పుడల్ల నీకు తెల్వదు తియ్యె నాయినా అంటివి."

నిజమే, అలాగే అనేదాన్ని. చెప్పడం చేతకాక అనేదాన్ని. చెలక గట్టు మీద నిలబడి, నాయిన ముఖంలో వెలుగు చూశాను. ఏడేళ్ళు నేను ఇవ్వలేని వెలుగు అది. ఆమె చివర చెప్పిన మాట, ఆ చెవులు చేసింది నేనేనని నాయినకు చెప్పిన మాట, ఆ రోజు నా చెవిన పడ్డా లోపలికి పోలేదు.

రెండో రేకు మహబూబాబాద్ దగ్గర. మా వైపు మానుకోట అంటారు. చెరువుకు అరమైలు దూరంలో ఒక అవ్వ మిరపతోట, తోట పక్కన ఖాళీ జాగా. విమానం దక్షిణం పక్క నుంచి పోతుంది కాబట్టి రేకు నోరు దక్షిణానికి పెట్టాం. మేకులు కొట్టి, దిక్సూచితో చూసి, వాలు కొలిచి బిగించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వాననీళ్ళు నిలవకుండా అడుగున నేనే బెజ్జం వేశాను. అవ్వ చేతులు నడుముకు పెట్టుకుని అంతసేపూ చూసింది.

"గిదేంది బిడ్డా, దక్షిణం మొకం పెట్టిండ్రు?"

"విమానం గటుకెల్లి పోతదవ్వా" అంది ఆమె.

"పోతె పోనియ్యి. దీన్ని గట్ల పెట్టుడెందుకు?" అంది అవ్వ. మేం నవ్వి ఊరుకున్నాం. అక్కడ ఊరుకోకుండా ఉండాల్సింది. మాలాంటి వాళ్ళం కొలతలు పది సార్లు చూసుకుంటాం, పొలం మనిషి అడిగిన మాటకు మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా జవాబు చెప్పం.

అక్కడి నుంచి ఆమె మూడో రేకుతో కాటారం పోయింది. మానుకోటలో ఉండి, విమానం వచ్చే ముందు రోజు సాయంత్రం ఒకసారి రేకు చూసి రావడం నా వంతు.

పోయాను. రేకు తూర్పుకు తిరిగి ఉంది.

ఊరికే తిప్పలేదు. మేకులు పీకి, మళ్ళీ చక్కగా కొట్టారు. రేకులు మూడూ తళతళలాడేలా కడిగారు. పై అంచున పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. అవ్వ మిరప సాలులోంచి లేచి వచ్చింది.

"నేను, మా కోడలు కలిసి తిప్పినం బిడ్డా. దక్షిణం దిక్కు మొకం పెట్టి ఇంటి తలుపన్న పెట్టుకోం. గసొంటిది పంట ముంగట నిలవెడ్తె నాకు మంచిగ, మీకు మంచిగ? తూర్పుకు పెట్టినం. మీ పని సుత మంచిగ గావాలె గదా."

నాకు నవ్వొచ్చింది. తిప్పడానికి ఎంతసేపు, పావుగంట పని. అవ్వకు నచ్చజెప్పడానికి ఇంకో పావుగంట. సంచిలోంచి దిక్సూచి తీస్తున్నాను, ఫోన్ మోగింది. కాటారం నుంచి ఆమె.

"అక్కా! పెద్దసారు ఇప్పుడే ఫోన్ చేసిండు. వచ్చే వారం అధికారులందరి ముంగట బొమ్మలు నన్నే చూపెట్టమన్నడు. దీని తర్వాత ఉపగ్రహం పని సుత నాకే ఇచ్చేటట్టున్నడు అక్కా. నాకు కాల్జేతులు ఆడ్తలెవ్వు. నీకే ముందుగాల చెప్తున్న."

అవ్వ కోడలు దూరంగా గడ్డి మోపు ఎత్తుకుంటోంది. దాన్నే చూస్తున్నాను.

"అక్కా, ఇనవడ్తందా? ఆడ రేకు సరిగ్గున్నదా?"

"సరిగ్గానే ఉంది" అన్నాను. ఆమెతో నేనెప్పుడూ ఆఫీసు భాషే మాట్లాడేదాన్ని.

ఫోన్ పెట్టేసి, దిక్సూచిని సంచిలో వేసి జిప్పు లాగాను. "ఉండనియ్యి అవ్వా, మంచిగనే ఉన్నది" అన్నాను. అవ్వ సంతోషపడి ఒక బంతిపువ్వు తెంపి నా చేతిలో పెట్టింది. అది తీసుకున్నాను కూడా.

పొద్దున లేచి పోయి సరిచేయొచ్చు. విమానం అక్కడికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఆరింటికే మెలకువ వచ్చింది. బస్టాండు ముందు టిఫిన్ సెంటర్లో ఉప్మా తిన్నాను, చాయ్ తాగాను, తొమ్మిది దాటేదాకా అక్కడే కూర్చుని ఇంకో చాయ్ చెప్పాను. ఆ రెండో చాయ్ తాగుతుండగా తలమీద విమానం చప్పుడు వినిపించింది. పైకి చూశాను. నా నాలుగు చెవులూ నా నెత్తి మీదుగా పోతున్నాయి. గ్లాసు బల్ల మీద పెట్టి ఇంకో టిఫిన్ కట్టించుకున్నాను, ఆకలి లేకపోయినా.

వారం తర్వాత ల్యాబ్‌లో పెద్ద తెర మీద ఆమె బొమ్మలు చూపించింది. నర్మెట్ట బొమ్మ అద్దంలా ఉంది. మా చెలక గట్టు, నాయిన వదిలేసిన మూడో బోరు దగ్గరి రాళ్ళ కుప్ప కూడా గుర్తుపట్టాను. కాటారం బొమ్మలో వరి మడులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. మధ్యలో మానుకోట. చెరువు నీళ్ళు రాడార్‌కి నల్లగా కనిపిస్తాయి. ఆ నల్లటి నీళ్ళ నడుమ వరసగా ఏడు కరెంటు టవర్లు తెల్లగా నిలబడి ఉన్నాయి. అసలు టవర్లు చెరువుకు తూర్పున, పొలాల్లో ఉన్నాయి. ఇవి దయ్యాలు.

"చెరువుల స్తంభాలు ఎప్పుడు పాతిండ్రయ్యా మనోళ్ళు? చేపలకు కరెంటిచ్చిండ్రా?" అన్నాడు ముందు వరసలో ఒక అధికారి. గది గొల్లుమంది.

ఆమె ముఖం పాలిపోయింది. బొమ్మలు చూపించే కర్ర పట్టుకున్న చేయి కిందికి దిగింది. నాకు కడుపు చల్లబడింది. ఉన్నమాట రాస్తున్నాను, ఆ నవ్వు ఆగేంతవరకూ నాకు హాయిగా ఉంది. ఏడేళ్ళ కిందటి ఆ భోజనాల బల్లకు ఇప్పుడు తోడు దొరికినట్టు అనిపించింది.

"అక్కడి రేకు ఎందుకు వెలగలేదమ్మా?" అని పెద్దసారు అడిగాడు.

ఆమె కర్రను బల్ల మీద పెట్టింది. "గాలికి తిరిగి ఉంటది సార్. ఇంకో తీరుగ సరిచేసేటట్టు చూస్త. జర టైమియ్యుండ్రి."

గాలి. మేకులు కొట్టి బిగించిన రేకును గాలి తిప్పుతుందా? పాపం పిల్ల, ఏం తోచక అలా అంది అనుకున్నాను. నేను బయటపడ్డానని కూడా అనుకున్నాను. పెద్దసారు మూడు వారాలు గడువు ఇచ్చాడు. ఈలోగా దయ్యాలు పోకపోతే ఉపగ్రహం బాధ్యత ఎవరిదో మళ్ళీ ఆలోచిస్తానన్నాడు, నావైపు చూస్తూ.

రెండో వారంలో ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళ కింద నలుపు.

"అక్కా, ముందల నర్మెట్ట రేకున్నది, ఎనుక కాటారం రేకున్నది. నడిమిట్ల ఏమయిందో తెలుసుకోవాలె. మూడు చెవులు సక్కగనే నడిచినయి, లెక్క కుదిరింది. నాలుగోదే నడుమ ఏడనో పక్కకు పోయింది. వేడికి అది ఎట్ల చేస్తదో నువ్వు ఎర్ర నోట్‌బుక్‌ల రాసుకుంటవు గదా. జర ఇస్తవా?"

"ఇంట్లో ఉంది" అన్నాను. నోట్‌బుక్ నా సొరుగులోనే ఉంది. నా మోకాలికి జానెడు దూరంలో.

మర్నాడూ అడిగింది. మర్చిపోయానన్నాను. మూడో రోజు అడగడానికి రాలేదు. నా దగ్గర నిలబడి నీళ్ళు తాగి, పోతూ పోతూ, "ఇంకెవ్వలకు తెల్వదక్కా అది. నీకొక్కదానికే తెలుసు" అంది.

ఏడేళ్ళలో నా పని గురించి అంత సరైన మాట ఎవరూ అనలేదు. నేను మంచిదాన్నై నోట్‌బుక్ ఇవ్వలేదు. పొగడ్తకు పడిపోయి ఇచ్చాను. సొరుగు లాగి ఆమె ముందే తీసి చేతిలో పెట్టాను. ఇంట్లో ఉందన్నావు కదా అని ఆమె అడగలేదు. అక్కడే నిలబడి పేజీలు తిప్పింది. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. ఉన్నట్టుండి వెనకబడే చోటు అది.

గడువు ఇంకా నాలుగు రోజులుండగానే మానుకోట చెరువు నల్లగా, నిండుగా, ఏ మచ్చా లేకుండా తెర మీదికి వచ్చింది. అసలు అద్భుతం అది కాదు. మధ్యలో రేకు లేకుండానే దయ్యాలను తీసేయడం అంతకుముందు మా దగ్గర ఎవరూ చేయలేదు. ఉపగ్రహం పైకి పోయాక ప్రతి ఊళ్ళో రేకు పెట్టలేం కదా. మాకు కావలసింది సరిగ్గా అదే. రేకు తూర్పుకు తిరగకపోయి ఉంటే ఆమె దాని జోలికే పోయేది కాదు. మా నాయిన మూడు చోట్ల తవ్వించినా చుక్క పడలేదు. నేను ఆమె కోసం తవ్విన గోతిలో మాత్రం ఆమెకు నీళ్ళు పడ్డాయి.

చెరువులో స్తంభాలని నవ్వించిన ఆ అధికారే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆమె నా ఎర్ర నోట్‌బుక్ పైకెత్తి చూపించి, "ఇది అక్కది" అంది. నాక్కూడా కొట్టారు, నాలుగు చప్పట్లు.

ఉపగ్రహం పని ఆమెకు వచ్చింది. ఇప్పుడు నా సెలవు చీటీ మీద సంతకం ఆమెది. మొదటిసారి సంతకం పెట్టడానికి ఇబ్బందిపడి, "నువ్వే పెట్టుకో అక్కా" అంది. ఆ ఇబ్బంది కూడా నాకు నచ్చలేదు. గర్వపడి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఏడాది తిరిగింది. మళ్ళీ విమానం. కొత్త పద్ధతి సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఈసారి కూడా మూడు రేకులూ పెట్టాలి. మానుకోట నాకు వద్దని చెప్పాలనుకున్నాను, కారణం ఏం చెప్పాలో తోచక ఒప్పుకున్నాను. అవ్వ నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది.

"ఈసారి ఎటు మొకం పెడ్తవ్ బిడ్డా?"

"దక్షిణానికే పెట్టాలె అవ్వా. విమానం గా దిక్కుకెల్లి కేకేస్తది. గిది గటు చూస్తెనే మల్ల బదులిస్తది. తూర్పుకు చూస్తె దానికి ఇనవడది" అన్నాను. మా నాయినకు ఆమె చెప్పిన మాటలే. అవ్వ విని తలూపింది.

"గట్ల చెప్తె అయిపాయె గదా. గా చిన్నపిల్ల సుత గిట్లనే చెప్పింది ఫోన్‌ల."

"ఏ ఫోన్?"

"పోయినేడు, విమానం పోయిన్నాడు మాపటీలి చేసింది. అవ్వా, రేకును ఎవలన్న కదిలిచ్చిండ్రా అన్నది. నేనే తిప్పిన బిడ్డా, మీ అక్కకు సుత చూపెట్టిన, మంచిగనే ఉన్నది ఉండనియ్యి అన్నది అని చెప్పిన. ఏమన్న తప్పయిందా అంటె, లేదవ్వా, మా అక్క మరిచిపోయి ఉంటది అన్నది."

సుత్తి నా చేతిలో ఉంది. మేకు మీద కొట్టబోయి ఆగిపోయాను. విమానం పోయిన నాడు. అంటే అధికారుల ముందు నిలబడడానికి వారం ముందే ఆమెకు తెలుసు. నవ్వు గొల్లుమన్నప్పుడు తెలుసు. గాలికి తిరిగి ఉంటుందని అన్నప్పుడు తెలుసు. నోట్‌బుక్ ఇంట్లో ఉందని నేనన్నప్పుడూ తెలుసు. ఏడాది పాటు రోజూ ఆ తెలిసిన ముఖంతోనే అక్కా అని పిలిచింది.

మిరప సాళ్ళ మధ్యకు పోయి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"అవ్వ చెప్పింది" అన్నాను.

ఈసారి కూడా మూడో రేకుతో ఆమె కాటారంలోనే ఉంది. బస్సు హారను వినిపించింది అటు నుంచి.

"నన్ను ఎందుకడగలె?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అడిగితె నువ్వు అబద్ధమాడేటిదానివి అక్కా. గప్పుడు నిన్ను అక్కా అని పిలువబుద్ధయ్యేటిది కాదు" అంది. మళ్ళీ తనే, "కోపం రాలేదనుకోకు. గా రోజు వరంగల్ దాంక బస్సుల ఏడ్సుకుంటనే అచ్చిన" అంది.

క్షమించమని అడగాలి. ఆమె ఏడ్చిందని విన్నప్పుడు నాకు సిగ్గు వేసింది, అది నిజం. ఆ సిగ్గు పక్కనే మళ్ళీ పాత మంట లేచింది, అదీ నిజం. ఇన్నాళ్ళూ ఆమె తెలివిని చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆ ఓర్పును చూసి కుళ్ళు. నేను ఆమె చోట ఉండి ఉంటే మొదటి రోజే పెద్దసారు గదిలోకి పోయేదాన్ని.

"తప్పయింది చెల్లె" అన్నాను చివరికి.

"సరె తియ్యక్కా" అంది. తర్వాత మామూలు గొంతుతో, పోయినేడు అడిగినట్టే అడిగింది. "ఆడ రేకు సరిగ్గున్నదా?"

"ఇంకా బిగియ్యలె. అయినంక చెప్త."

పావుగంటలో బిగించాను. దిక్సూచి పెట్టి చూశాను, వాలు కొలిచాను. అవ్వ కడిగి బొట్టు పెట్టుకుంటానంటే పెట్టుకోమన్నాను, బొట్టుకు రాడార్ ఏమీ అనదు. దిక్సూచిని రేకు అంచు మీద పెట్టి, ముల్లు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి ఆమెకు పంపాను. సరిగ్గున్నది అని కింద రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. "ఫోటో ఎందుకక్కా, నువ్వు చెప్తె చాలదా?"

నాకు చాలలేదు. ఫోన్ జేబులో వేసుకుని, దిక్సూచి తీసి ఇంకోసారి చూశాను.